కోడి కింద మూత

గద్వాలలో చీరలమ్మే మాలతికి బేరమాడే మనుషులంటే గిట్టదు. "ఇదే అంచు, ఇదే రంగు, జర తక్కువల లేదా?" అని ఎవరైనా అడిగితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి మాత్రం నవ్వుతూ చీర మడత పెట్టి, "ఎందుకు దొరకదక్కా, దొరుకుతది. రెండుసార్లు ఉతికినంక ఇల్లు తుడుసుకోను పనికొస్తది" అనేది. ఆ మాట పడ్డాక చాలామంది నోరు మూసుకుని అడిగినంత ఇచ్చేవాళ్లు. అది తాను కనిపెట్టిన గొప్ప మాటని మాలతి నమ్మకం. ఇంటికొచ్చాక మొగుడికి కూడా మళ్లీ అప్పజెప్పేది.

మొగుడు లక్ష్మణ్ పత్తి విత్తనాల కంపెనీలో సూపర్‌వైజరు. స్టీరింగు పట్టుకోవాలంటే అతనికి చేతులు చెమటలు పడతాయి. అందుకని కారు మాలతే నడుపుతుంది, అతను పక్కన కూర్చుని "నిదానం, నిదానం" అంటుంటాడు. వనపర్తి, నాగర్‌కర్నూలులో బళ్లలోనూ దవాఖానల్లోనూ కొలువు చేసే ఆడవాళ్లకు చీరలు చూపించడానికి ఆమె ఒక పాత తెల్ల కారు కొన్నది. కారు కంపెనీవాళ్లు ఆ మోడల్ చేయడం మానేసి చాలా ఏండ్లయింది. అందుకే చౌకగా వచ్చింది. మాలతి మాత్రం తన తెలివివల్లే చౌకగా వచ్చిందనుకున్నది.

మాఘమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయని కారును మెకానిక్ వెంకట్రాములు దగ్గరికి తీసుకుపోయింది. అతను బానెట్ ఎత్తి చూసి, "ఇంజన్ ఆయిలు మార్చాలె. ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు కూడ. సామాను నేను తెప్పిస్తనక్కా" అన్నాడు.

"నువ్వు తెప్పిస్తే దాంతోని నీ కమీషన్ గూడ వస్తది గదన్నా."

"వస్తది. అబద్ధమెందుకు చెప్పాలె? కానీ మంచి సామాను తెస్త."

దొంగ తానే ఒప్పుకున్నాక ఇంకా ఆలోచించడమేమిటని మాలతి సామాను తానే కొనడానికి బయల్దేరింది. స్పేర్ పార్టుల దుకాణం పాల్‌ది. ఆయిలూ ప్లగ్గులూ ఆయిల్ ఫిల్టరూ తీసి బల్ల మీద పెట్టాడు. ఎయిర్ ఫిల్టరు దగ్గరికొచ్చేసరికి ధర విని మాలతి ఉలిక్కిపడింది. అట్ట మడతలు పెట్టి చుట్టూ రబ్బరు అంటించిన ఆ వస్తువు ఆమె కళ్లకు బడిపిల్లలు చేసే విసనకర్రలా కనిపించింది.

"ఇదే సైజు, ఇదే రకం, జర తక్కువల లేదా?" అన్నది.

అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. కానీ ఎక్కడ విన్నదో తేల్చుకునే ఓపిక అప్పుడు లేదు. పాల్ లోపలికిపోయి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు.

"సగం ధరకిస్త. కానీ ఇది వేరే కారుదక్కా. జర పెద్దగుంటది. మల్ల వాపసు తీసుకోను."

"జర అంటే ఎంత?"

పాల్ చూపుడువేలి కొస చూపించాడు. మాలతికి నవ్వొచ్చింది. ఎంతమంది జాకెట్లు బిగువు చేయించలేదు తను? చిన్నదైతే బాధగానీ పెద్దదైతే బాధేమిటి, కత్తిరిస్తే పోతుంది.

మిగతా పనంతా వెంకట్రాములుకు అప్పజెప్పి, ఎయిర్ ఫిల్టరు మాత్రం ఇంటి దగ్గర తానే వేసుకుంటానన్నది. ఫోన్లో వీడియో చూసింది. నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికో మూత, మూతకు క్లిప్పులు. టిఫిన్ డబ్బా విప్పినట్టు విప్పడం, పెట్టడం. దీనికి మళ్లీ కూలీ ఇవ్వాలా?

చీరలకు ఫాల్ కత్తిరించే కత్తెర తెచ్చి రబ్బరు అంచు చుట్టూ కోసింది. కోసినా ఫిల్టరు డబ్బాలో కూర్చోలేదు. ఒక వైపు నొక్కితే ఇంకో వైపు లేచింది. మూత పెట్టి రెండు చేతులతో అదిమింది. క్లిప్పు అందలేదు.

"నువ్వు రాయ్యా, జర బరువు పెట్టు" అని మొగుణ్ని పిలిచింది.

"మెకానిక్ దగ్గరికి పోదాం పా" అన్నాడు లక్ష్మణ్.

"క్లిప్పు ఒక్కటే ఉన్నది. గింతదానికి మెకానికా?"

లక్ష్మణ్ రెండు మోచేతులూ ఆనించి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు. టప్పుమని చప్పుడైంది. మూత ఈ మూల నుంచి ఆ మూలదాకా పగిలింది.

"నువ్వు బరువు పెట్టమంటేనే పెట్టిన" అన్నాడు లక్ష్మణ్.

మర్నాడు వెంకట్రాములు ఆ పగిలిన మూతనూ కత్తెర వేసిన ఫిల్టరునూ పక్కపక్కన పెట్టి చూసి, నవ్వు ఆపుకోలేక పాత టైరు మీద కూలబడ్డాడు. నవ్వు తగ్గాక విషయం చెప్పాడు. మూత ఒక్కటీ విడిగా రాదట. డబ్బా మొత్తం తెప్పించాలట. ఆ డబ్బా కూడా ఎక్కడా లేదని నాలుగు చోట్లకు ఫోన్లు చేశాక తేలింది. సరైన ఫిల్టరు పెట్టి, పగిలిన మూతకు టేపు చుట్టి, పైన తీగతో బిగించాడు.

"దగ్గర దగ్గర తిరుగక్కా, దూరం పోకు. పగులు సందులకెళ్లి దుమ్ము ఇంజన్లకు పోతే ఇంజన్ మీదికే వస్తది."

దూరం పోకపోతే మాలతికి వ్యాపారమే లేదు. సగం ధర ఫిల్టరు మిగిల్చిన డబ్బుతో పెళ్లిళ్ల కాలమంతా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేట్టున్నదని ఆమెకు అర్థమైంది. ఎవరికీ చెప్పుకోలేని సంగతి అది. అయినా మూత కావాలంటే చెప్పక తప్పదు కదా. తెలిసిన వాళ్లందరికీ ఫోన్ చేసి, చీరల మాట ఎత్తకుండా కారు మూత గురించి అడగడం మొదలుపెట్టింది. ఆఖరికి నాగర్‌కర్నూలులో పంతులమ్మగా ఉన్న పార్వతమ్మ, "మా బిజినేపల్లి అవతల ఒక చేన్ల గిసొంటి తెల్లకారే చూసిన మాలతీ. దాంట్ల కోళ్లుంటయి" అన్నది.

చీరల మూటలు ఎలాగూ ఉన్నాయి కదా అని వాటిని డిక్కీలో వేసుకుని, మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, దుమ్ము లేపే లారీ కనబడితే చాలు ఆగిపోతూ, మాలతి బిజినేపల్లి చేరింది.

కారు నిజంగానే ఉన్నది. చేను ఒడ్డున రేకుల కొట్టం కింద, చక్రాలు లేకుండా, రాళ్ల మీద. ఇంజన్ ఎవరో ఎప్పుడో విప్పుకుపోయారు. సీట్లలో కోళ్లు, స్టీరింగు మీద ఒక పుంజు. పక్కనే మంచం మీద దాని యజమాని బాలన్న కూర్చుని ఉన్నాడు. వచ్చిన పని చెప్పగానే ముసలాయన మొహం వెలిగింది.

"తీస్కపో బిడ్డా, ఊకెనే తీస్కపో. మస్తు మంచి కారు. నేను దీంట్ల కర్నూలు దాక పోయిన."

"వచ్చేటప్పుడు బస్సుల వచ్చిండు" అంటూ వెనక నుంచి అతని భార్య నర్సమ్మ వచ్చింది. "ఆయన మాట ఇనకు బిడ్డా. కారు ఆయనది, కోళ్లు నావి. ఇప్పుడు దాంట్ల ఉన్నయి కోళ్లే."

ఆమె బానెట్ ఎత్తి చూపించింది. ఇంజన్ ఉండాల్సిన గుంతలో వరిగడ్డి. గడ్డి నడుమ వెల్లకిలా తిప్పిన నల్ల ప్లాస్టిక్ మూత. ఎక్కడా చిన్న గీటు కూడా లేదు. అందులో గుడ్లు పెట్టుకుని, రెక్కలు పరిచి, ఎర్రకోడి ఒకటి పొదుగుతున్నది. తిరగేస్తే ఆ మూత అచ్చం కోడికి కొలిచి చేసినట్టున్నది.

"గుడ్లు బుట్టల పెడదాం పెద్దమ్మా. కొత్త బుట్ట నేను కొనిస్త" అన్నది మాలతి.

"జాగ మారిస్తే కోడి లేచిపోతది. గుడ్లన్నీ మురిగిపోతయి."

"స్టీలు గంపైతే?"

"నీ కారు నువ్వు గంపలేసుకొని తిప్పుకుంటవా బిడ్డా?"

మాలతి తన సామర్థ్యమంతా బయటికి తీసింది. పాత ప్లాస్టిక్‌కు ఇంత పట్టింపా అన్నది. వనపర్తి పాత సామాన్ల దుకాణాల్లో ఇలాంటివి కుప్పలు పోసుకున్నారని అబద్ధమాడింది. చివరికి, "పోనియ్యి, వేరేకాడ చూసుకుంట" అని నాలుగడుగులు కూడా వేసింది. ఆ నాలుగడుగులు ఆమెకు బాగా తెలిసినవే. తన దగ్గర చీరలు చూసేవాళ్లు రోజూ వేస్తుంటారు. అలా పోయేవాళ్లను వెనక్కి పిలవకూడదని మాలతి నియమం. నర్సమ్మ నియమం కూడా అదే అయినట్టున్నది. పిలవలేదు. మాలతే తిరిగొచ్చింది.

ఈలోగా లక్ష్మణ్ మంచినీళ్ల సీసా కోసం డిక్కీ తెరిచాడు. నర్సమ్మ కళ్లు మూటల మీద పడ్డాయి.

"ఏంది బిడ్డా అవి?"

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి, పసుపుపచ్చ నూలు మీద ఎర్ర పట్టు అంచున్న చీర ఒకటి తీసింది. అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని తడిమింది.

"ఇది మిషన్ మీద నేసిందా?"

"చేతిమగ్గం పెద్దమ్మా!"

"రంగు పోతదా?"

"పోదు."

"గద్వాలల గిసొంటియి ఇంతకన్న తక్కువకు కుప్పలు కుప్పలు దొరుకుతయంట గద?"

మాలతి నోరు తెరిచింది. ఇల్లు తుడుచుకునే మాట నాలుక కొస దాకా వచ్చింది. కానీ ఇప్పుడే తాను ఈమె మూత గురించి అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆమె అవస్థ చూసి లక్ష్మణ్ మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"నవ్వుతే నవ్వు, దాసుకోకు" అన్నది మాలతి. చివరికి ఆమెకు కూడా నవ్వొచ్చింది.

బేరం కుదిరింది. గుడ్లు పిల్లలయ్యాక మూత మాలతికి. చీర ఇప్పుడే నర్సమ్మకు. ఆ చీర ధరకు కొత్త డబ్బాలు రెండు వస్తాయి, దొరికితే. మాలతికి ఆ లెక్క తెలియక కాదు. కానీ నర్సమ్మ ఆ అంచును పట్టుకున్న తీరు చూశాక చీరను మళ్లీ మూటలో పెట్టడానికి చెయ్యి రాలేదు.

"మరీ అన్నాయం చేయను బిడ్డా. నీది ఎక్కువయితది, నాకెరికే" అని నర్సమ్మ ఒక పెట్టను కాళ్లు కట్టి లక్ష్మణ్ ఒడిలో పెట్టింది. పెబ్బేరు దాటేలోపు అది అతని ప్యాంటు మీద పని కానిచ్చింది. బీచుపల్లి వంతెన దగ్గర కారు ఆపుకుని ఇద్దరూ కృష్ణలోకి దిగి కడుక్కోవాల్సి వచ్చింది.

పిల్లలు అయ్యాయని కబురు రాగానే పోయి మూత తెచ్చారు. వెంకట్రాములు దాన్ని సబ్బునీళ్లతో కడిగి, వాసన చూసి మొహం ముడిచి, బిగించాడు. క్లిప్పులన్నీ టక్కున పడ్డాయి. ఇంజన్ చప్పుడు కుదురుగా వచ్చింది. ఎంతకు పడ్డదని అతను అడిగితే మాలతి చెప్పింది. అతను మళ్లీ టైరు మీద కూర్చున్నాడు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ నర్సమ్మ ఆ చీర కట్టుకుని చుట్టాల పెళ్లికి పోయింది. చీర ఎక్కడిదని నలుగురూ అడిగితే దాచకుండా, కారు మూత ఇచ్చి తీసుకున్నానని చెప్పింది. ఫోన్లు వచ్చాయి. మాలతి సంతోషంగా డిక్కీ నింపుకుని బిజినేపల్లి పోయేసరికి నర్సమ్మ వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. కొందరి కొంగు ముళ్లలో డబ్బులున్నాయి. మిగతావాళ్ల చేతుల్లో ఉన్నవి చూసి మాలతి కారు దగ్గరే ఆగిపోయింది. ఒకామె ట్రాక్టర్ సైలెన్సర్ పట్టుకుని ఉన్నది. ఇంకొకామె దగ్గర స్కూటర్ లైటు. హన్మమ్మ అనే ఆమె గోనెసంచి విప్పి లోపలిది ఒక్కొక్కటే తీసి నేల మీద పేరుస్తున్నది.

"నర్సమ్మకు ఇచ్చిన లెక్కనే మాకు గూడ ఇయ్యాలె" అన్నది హన్మమ్మ. "మూత లేదు గని, ఇవన్ని కార్లయే."

మాలతి ఆ రోజు సాయంత్రం దాకా, తాను అమ్మేది చీరలనీ, కొనేది ఇనుము కాదనీ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. అయినా ఉద్దెర లేకుండా, రొక్కానికే చీరలు బాగానే పోయాయి. మూటలు సర్దుకుంటుంటే హన్మమ్మ సంచిలోంచి జారిన ఒక అద్దం ఆమె కంటపడింది. తెల్ల కారుది, ఎడమ వైపుది. తన కారు ఎడమ అద్దం మొన్న వనపర్తి బస్టాండు దగ్గర ఆటో తగిలి పగిలింది.

"కారెక్కు, చీకటి పడుతున్నది" అన్నాడు లక్ష్మణ్.

"వస్త, వస్త" అంటూనే మాలతి వంగి అద్దం తీసుకుని, పమిట చెంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమక్కా," అన్నది హన్మమ్మతో, వీలైనంత నిర్లక్ష్యంగా, "ఇది ఊకెనే పడి ఉన్నదా?"