చెక్క టమాటాకి దక్కిన మెప్పు

వాష్‌బేసిన్ దగ్గర నిలబడి పాత టూత్‌బ్రష్‌తో గుడ్డుని రుద్దుతున్నాను. నిజం గుడ్డు కాదు, ఫెల్ట్ గుడ్డు. ఉన్నిని అదిమి చేసే మెత్తటి గుడ్డతో కుట్టిన ఆటబొమ్మ. తెల్లసొన మధ్యలో పచ్చసొన, దాని చుట్టూ ముచ్చటైన కుట్టు. అందరం బుడంకాయ అని పిలుచుకునే మా పిల్ల దాన్ని నిన్న గ్లాసుడు పాలల్లో ముంచి "ఉడుకుతోంది" అంది. పొద్దునకల్లా పులిసిన కంపు మొదలైంది. గట్టిగా రుద్దితే నూగు లేస్తుంది, మెల్లగా రుద్దితే కంపు పోదు. మా ఆయన పళ్ళు తోముకోవడానికి వచ్చి, "జాగ్రత్త, పాడుచేసేవు. అన్నయ్య వాళ్ళకి ఇచ్చేది అదే కావచ్చు" అన్నాడు.

పిల్ల పుట్టినరోజుకి వంటాట బొమ్మలు కొనాలని ఆయనకి బుద్ధి పుట్టింది. చెక్కవా, ఫెల్ట్‌వా? సాయంత్రాలన్నీ ఫోన్‌లో అదే వెతుకులాట. చెక్కైతే గట్టిగా ఉంటుంది, చెక్క కత్తితో కోస్తే టక్కుమని రెండు ముక్కలవుతుంది. ఫెల్టైతే మెత్తన, విసిరినా ఎవరి తలా పగలదు, చప్పుడు చేయదు. చెక్క మీది రంగు పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా అని ముక్కూమొహం తెలియని తండ్రుల గ్రూపులో అడిగాడు. నేను రంగుల షాపులో పనిచేస్తాను. ఏ రంగు పిల్లల గదికి పనికొస్తుందో, ఏది పనికిరాదో పొద్దస్తమానం వచ్చినవాళ్ళకి చెప్పడమే నా ఉద్యోగం. కొందరు నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "సార్ ఎవరూ లేరా అమ్మా?" అంటారు. ఇంట్లో సార్ ఉన్నాడు. ఆయనా నన్ను అడగలేదు.

చివరికి ఎటూ తేల్చుకోలేక రెండూ కొనుక్కొచ్చాడు. కొన్నాళ్ళు రెండిటితోనూ ఆడనిద్దాం, దానికి నచ్చింది ఉంచి రెండోది అన్నయ్య కూతురికి ఇద్దాం అన్నాడు. చెక్క సెట్టుతో పాటు చిన్న స్టవ్ కూడా వచ్చింది. దాని నాబ్ కాస్త వదులుగా ఉందని పెట్టె విప్పిన రోజే స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించాడు. నా స్టవ్ నాబ్ విరిగి ఎంత కాలమైందో నాకే గుర్తులేదు. కట్టింగ్ ప్లేయర్‌తో తిప్పి వెలిగిస్తున్నాను. ఎప్పుడు అడిగినా "ఆదివారం చూస్తాలే" అంటాడు. ఆదివారాలు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి, పోతున్నాయి.

ఆ రోజు నుంచీ నేను షాపు నుంచి వచ్చేసరికి హాల్లో హోటల్ నడుస్తూ ఉంటుంది. నేను సంచి కొక్కేనికి తగిలించి వంటింట్లో దూరి టమాటాలు తరుగుతుంటాను. హాల్లో కూడా టమాటాలే తరుగుతుంటారు, టక్కు టక్కుమని. కాసేపటికి మా ఆయన గొంతు వినిపిస్తుంది.

"ఆహా! చెఫ్ గారూ, ఏం కూరండీ ఇది! వేళ్ళు కూడా తినేసేలా ఉన్నాను."

వెంటనే అత్తయ్య అందుకుంటుంది. "నా తల్లే, నా బంగారమే! ఇంత రుచి ఈ మధ్య ఎక్కడా తినలేదే. ఇంకో రెండు ముక్కలు వెయ్యి."

ఈ మధ్య ఎక్కడా తినలేదట! ఆవిడ పొద్దున తిన్నది నా చేతి వంట, నిన్న తిన్నది నా చేతి వంట, ఇంకాసేపట్లో తినబోయేదీ నా చేతి వంటే.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కుళ్ళు పుట్టింది. తోటికోడలి మీద అయితే ఎవరికైనా చెప్పుకోవచ్చు. పక్కింటావిడ మీద అయితే పక్కింటావిడకి తప్ప అందరికీ చెప్పుకోవచ్చు. పాలబుగ్గల పిల్ల మీద, కడుపున పుట్టిన పిల్ల మీద, దాని చేతిలో రంగు వేసిన చెక్క ముక్క మీద కుళ్ళు పుడితే ఎవరికి చెప్పుకోను? కానీ కడుపు మండిపోయిందన్నది నిజం. పెళ్ళైన కొత్తలో ఒకసారి కూర ఎలా ఉందని నోరు తెరిచి అడిగితే మా ఆయన, "బాగోకపోతే చెప్తాను కదా. ఏమీ అనలేదంటే బాగున్నట్టే" అన్నాడు. మాటని అంత పొదుపుగా వాడే మనిషి, చెక్క టమాటా చూడగానే కవి అయిపోయాడు. అత్తయ్యయితే కాస్త నయం. "ఉప్పు కొంచెం ఎక్కువైంది గానీ, పర్లేదులే" అంటుంది. ఆ 'పర్లేదులే' ఈ ఇంట్లో నాకు దక్కే పెద్ద బిరుదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. కంచాలు పెడుతూ, "ఇదీ టమాటా కూరే. హోటల్లో కూరంత బాగుంటుందో లేదో మరి" అన్నాను.

మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "అది ఆట. పసిపిల్లతో పోటీ ఏంటి నీకు?"

"పోటీ కాదు. ఊరికే అడిగాను."

"పిల్లల్ని ప్రోత్సహించాలి. అప్పుడే ఆత్మవిశ్వాసం వస్తుంది."

నాకు ఎక్కడి నుంచి రావాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పిల్లని మాత్రం ఆ పూట కాస్త విసురుగానే లాక్కెళ్ళి మూతి కడిగాను. అది బిక్కమొహం వేసుకుని నా వంక చూసింది. ఆ చూపుకి సిగ్గేసింది. అయినా మంట తగ్గలేదు.

ఆదివారం పొద్దున వంట త్వరగా ముగించి, చేతులు తుడుచుకుని నేనూ హోటల్‌కి వెళ్ళాను. ఆ మెప్పులు ఎలా ఉంటాయో దగ్గర కూర్చుని వినాలనిపించింది. కుదిరితే నేనే చెక్క గుడ్డు వడ్డించి, "ఆహా" అనిపించుకోవాలనే దురాశ కూడా లేకపోలేదు. మా ఆయనా అత్తయ్యా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కనే చతికిలబడ్డాను.

బుడంకాయ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా, నువ్వు కూర్చోకూడదు."

"ఏం? నాకూ ఆకలేస్తోంది."

"నువ్వు గిన్నెలు కడగాలి." అని ఖాళీ కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నా ఒళ్ళో పెట్టింది.

అత్తయ్య పడీపడీ నవ్వింది. "చూశావట్రా, ఎంత గమనిస్తుందో! ఏకసంథాగ్రాహి." మా ఆయన కూడా నవ్వాడు. ఫోన్ తీసి, "ఇంకోసారి అను నాన్నా, వీడియో తీస్తా" అన్నాడు.

కంచాలు విసిరికొట్టి లేచిపోదామనుకున్నాను. లేవబోతూ చాప వైపు చూశాను. నాన్న ముందు ఒక కొత్త కంచం పెట్టింది, నాయనమ్మ ముందు ఒకటి, ఎలుగుబంటి బొమ్మ ముందు ఒకటి. స్టవ్ దగ్గర అది ఒక్కతే నిలబడి ఉంది.

"మరి నీ కంచం ఏదే?" అని అడిగాను.

అది నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "నేను వంట చేస్తున్నాను కదా. అందరూ తిన్నాక చూద్దాం."

అది అచ్చం నా మాట. విరుపు కూడా నాదే.

"మా చెఫ్ గారు ఎంత మంచివారో! ఇంకో గుడ్డు వెయ్యండి చెఫ్ గారూ" అన్నాడు మా ఆయన. పిల్ల మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి వేసింది. మళ్ళీ స్టవ్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇంకా ఏమైనా కావాలా అని వాళ్ళ మొహాల వంకే చూస్తోంది. నేను ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది దీన్ని చూసా? ఒక్క 'ఆహా' కోసం నా పిల్ల కూర్చోవడం మర్చిపోయింది. నాకు ఆ 'ఆహా' కూడా లేకుండానే నిలబడే అలవాటయింది, అంతే తేడా. కుళ్ళు పోయి, దాని చోట్లో భయం వచ్చి కూర్చుంది.

"ఏది ఉంచుదాం మరి? తేల్చేయాలి" అన్నాడు మా ఆయన ఫెల్ట్ గుడ్డుని చేతిలో ఎగరేస్తూ.

"చెక్కది ఉంచండి. ఫెల్ట్‌ది ఇచ్చెయ్యండి."

"ఎందుకు? అది మెత్తగా ఉంది కదా."

"ఉతికేది నేను కాబట్టి."

"ఇంత చిన్నదానికా?"

"చిన్నదే. అందుకే తేలిగ్గా చెప్పేశాను."

మధ్యాహ్నం గిన్నెలన్నీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. కంచాలు అందరికీ పెట్టాను, నాకు కూడా. బుడంకాయని పక్కన కూర్చోబెట్టి దానికి వడ్డించాను, తర్వాత నాకు వడ్డించుకున్నాను. అన్నం మీంచి పొగలు వస్తున్నాయి. వేడి అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుక చురుక్కుమంది. అలవాటు తప్పినట్టుంది.

అత్తయ్య తన ఖాళీ కంచం వైపూ నా వైపూ చూసింది. "మేమింకా మొదలుపెట్టలేదమ్మాయ్."

"మొదలుపెట్టండత్తయ్యా. అన్నీ ఇక్కడే ఉన్నాయి."

గరిటెల చప్పుడు వినిపించింది. మా ఆయన వడ్డించుకుని గబగబా తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక నా వైపు చూశాడు. నేను లేవలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ మాట అన్నాడు.

"కూర చాలా బాగుంది. ఇంకాస్త వెయ్యి."

పిల్ల కుర్చీలోంచి దిగబోయింది. దాని తొడ మీద చెయ్యి వేసి ఆపాను.

"బాగుంటే వేసుకోండి" అన్నాను.