ఎనభై ఏడో ఎపిసోడ్

పావని నోట్లో నువ్వుగింజ నానదు. పాడేరులో ఆమెతో పాటు డిగ్రీ చదివే అమ్మాయిలందరికీ ఈ సంగతి తెలుసు. ఫలానా వెబ్‌కామిక్ బాగుందే అని మొదలుపెట్టిన మనిషి, మొదటి బొమ్మ నుంచి ఆఖరి బొమ్మ దాకా చెప్పేసి, అప్పుడు నాలిక కరుచుకుని, "అయ్యో, సెప్పేసినానా? అయినా సదవండే, బాగుంటాది" అంటుంది. చదవడానికి ఇంకేం మిగిలిందో ఆ మహాతల్లికే తెలియాలి.

అయినా సరే, ఆమె బాగుందన్నదంటే అందరూ చదవాల్సిందే. వాళ్ల నాన్న గణపతిరావు ఇరవై ఏళ్ల కిందట చోడవరం నుంచి వచ్చి పాడేరులో కిరాణా కొట్టు పెట్టాడు. కొట్టు మీది గదిలో వైఫై ఉంది. ఆ గదిలో మంచం మీద బోర్లా పడుకుని పావని దేశదేశాల బొమ్మల కథలు చదివేసి, నచ్చినవాటిని 'చదివి ఏడవండి' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టి స్టార్లు వేస్తుంది. నాలుగు స్టార్లు పడ్డాయంటే హాస్టల్ అమ్మాయిలు అన్నం దగ్గర కూడా ఫోను వదలరు. ఐదు మాత్రం ఇంతవరకూ దేనికీ వెయ్యలేదు. "ఐదు ఏసేత్తే ఇంక బతికుండి ఏటి సదవాలి?" అని ఆమె వాదన.

ఆమెతో పాటే చదివే నిర్మలది అలాంటి వాదనలు చేసే నోరు కాదు. వాళ్లది కొయ్యూరు వైపు వెళ్లే జీపెక్కి, మధ్యలో దిగి, గంటసేపు ఎక్కితే వచ్చే ముప్పై గడపల ఊరు. ఫోన్ సిగ్నల్ లేదు. హాస్టల్లో ఉండి చదువుకుంటూ శనివారం ఇంటికి వెళ్తుంది, సోమవారం పొద్దున్నే వచ్చేస్తుంది.

కిందటి వానాకాలంలో పావని ఆమెను కొట్టు మీది గదికి తీసుకెళ్లి ఫోను చేతిలో పెట్టింది. "ఇది సదువు. ఈసారి నానేటీ సెప్పను" అంది. అన్నందుకు రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది కూడా, పాపం.

అది ఇంగ్లీషులో ప్రతి శుక్రవారం వచ్చే వెబ్‌కామిక్. మన మాటల్లో చెప్పుకోవాలంటే 'మబ్బుల మీద ఇల్లు'. వానలు ఎందుకు ఆగిపోయాయో మబ్బులనే అడిగి వస్తానని ఒక తల్లి రాతిమెట్లెక్కి వెళ్తుంది, తిరిగి రాదు. ఆమెను వెతుక్కుంటూ కూతురు జూనా ఎక్కుతుంది. పైన ఏడు తలుపులు. ఒక్కో తలుపు తెరవడానికి జూనా ఒక్కో జ్ఞాపకాన్ని వదులుకోవాలి. నిర్మల వేలితో బొమ్మను పైకి తోస్తుంటే, మంచులోంచి ఒక మెట్టు, ఆ తర్వాత ఇంకో మెట్టు, ఆ మెట్టు మీద చిన్న పాదం. మాటల్లేవు. పాతిక బొమ్మల వరకూ ఒట్టి మంచే.

నిర్మలకి ఒళ్లు జలదరించింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మంచు. చలికాలం పొద్దున్నే ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలబడే మంచు. దానిలో ఇంత ఉందా? ఎక్కడో పేరు కూడా తెలియని ఒక మనిషి, వాళ్ల కొండను ఎప్పుడూ చూడని మనిషి, ఆ మంచును ఇంత సరిగ్గా ఎలా గీసింది?

"ఒలే, ఏడుత్తన్నావా?" అంది పావని, మహా సంతోషంగా.

ఆ ఆదివారం ఊళ్లో నిర్మల ఉండబట్టలేక ఆ కథను నాయనమ్మకి చెప్పింది. ఆమె పేరు చిలకమ్మ. ఊళ్లో కథలు చెప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కొండకీ వాగుకీ తగువు పెట్టి, సాయంత్రానికి రాజీ చేసేస్తుంది. కానీ ఆమె దగ్గర ఒక పట్టింపు ఉంది. ఏ కథైనా మొదలుపెట్టే ముందు అది ఎవరి దగ్గర విన్నదో చెబుతుంది: ఇది మా మేనత్త సెప్పిన కత, ఇది సంతలో ఉప్పమ్మే ముసిలోడు సెప్పిన కత. "కతలో ఎన్ని అబద్దాలైనా ఆడుకో గుంటా. కత ఎవుల్దో సెప్పినప్పుడు మాత్రం ఆడకు" అని నిర్మలకి చిన్నప్పుడే చెప్పింది.

చలికాలం వచ్చి కాఫీ కోతలు మొదలయ్యేసరికి జూనా కథ తోటంతా పాకింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఆడవాళ్లు నడుముకి బుట్టలు కట్టుకుని ఎర్రటి పళ్లు కోస్తుంటే, ఆదివారం ఆదివారం నిర్మల కొత్త ఎపిసోడ్ చెప్పేది. ఊఁ కొట్టే పని రత్నాలత్తది. మేనత్త వరస. ఆమె ఊఁ కొట్టిందంటే అవతలి గట్టు మీద కోసేవాళ్లకి కూడా కథ ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. జూనా అప్పటికే జూనమ్మ అయిపోయింది. కొందరైతే ఆ పిల్లకి చలికి కప్పుకోవడానికి దుప్పటైనా ఇవ్వలేదేమని బొమ్మలేసే ఆవిడని తిట్టారు కూడా.

సరిగ్గా అప్పుడే కథ ఆగిపోయింది.

ఎనభై ఆరో ఎపిసోడ్‌లో జూనా ఏడో తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఆ కింద నాలుగు ముక్కలు: బొమ్మలు వేసే ఆవిడకి చేతి నరం దెబ్బతింది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, క్షమించండి.

పావని రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు తేరుకుంది. "కంగారు పడకే. ఫ్యాన్ ఫిక్షన్ ఉంది కదా. కత ఆగిపోతే ఇష్టపడ్డోలే మిగతాది రాసుకుంటారు" అని మూడు లింకులు పంపింది. నిర్మల మూడూ చదివింది. ఒకదాంట్లో జూనా రాజకుమారుణ్ని పెళ్లి చేసుకుంది. ఇంకోదాంట్లో ఇదంతా కలే. మూడోదాంట్లో తల్లే దొంగ. నిర్మలకి ఒళ్లు మండిపోయింది. ఏం, ఆ పిల్ల ఆరు జ్ఞాపకాలు వదులుకుని ఎక్కింది ఇందుకా?

ఆ ఆదివారం తోటలో ఆమె నోరు తెరిచేలోపే రత్నాలత్త అడిగేసింది. "ఏటైనాది? తలుపు తీసినాదా? వారం నుంచి ఆ పిల్ల ఆ సలిలో నిలబడే ఉంది, నాకు తిండి సయించట్లేదు."

ఆగిపోయింది అని చెబుదామనే అనుకుంది నిర్మల. కానీ బుట్టలు పట్టుకుని అంతమంది తనకేసే చూస్తున్నారు. జూనాని ఆ గుమ్మంలో వదిలేసి రావడానికి మనసొప్పలేదు. "తీసింది అత్తా. కొత్త ఎపిసోడ్ వొచ్చింది" అంది.

ఏ కథ ఎవరిదో చెప్పడంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. నోటి నుంచి ఊడిపడ్డాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? తలుపు వెనక పెద్ద పెరడు ఉందంది. పెరట్లో ఒక్కటే చెట్టు ఉందంది. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా మాటలు వచ్చాయి. పై వారం ఎనభై ఎనిమిది. ఆ పై వారం, మూడు రోజులుగా ఆకలితో ఉన్న జూనాకి ఆ చెట్టు మొదటి పండు దొరకడం. అలా ఏడు వారాలు. పాడేరులో జీపెక్కిన దగ్గర నుంచి కథే. భయం కూడా అంతే. నాయనమ్మకి తెలిస్తే ఇంక తన ఏ మాటా నమ్మదు. నిర్మలకి ప్రపంచంలో కావలసిన నమ్మకం అదొక్కటే.

డిసెంబరు ఆఖర్లో పావని, "మీ ఊరొస్తాను. కాఫీ కోత రీలు సేత్తాను" అంది.

"సలెక్కువే."

"స్వెట్టర్ ఉంది."

"సిగ్నల్ లేదు."

"రెండ్రోజులు సచ్చిపోను."

"జలగలుంటాయే."

"సలికాలంలో జలగలేటే? నన్నేటి ఎర్రిదాన్ననుకున్నావా? బేగి పద, జీపు ఎల్లిపోద్ది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. దారి పొడుగునా నిర్మల ఆ అడుసులోనే నడిచింది. పావనికి ముందే చెప్పేస్తే? చెబితే మాత్రం ఆ నోరు ఆగుతుందా?

ఆదివారం పొద్దున్న తోటంతా మంచు. పావని నాలుగు పళ్లు కోసింది, నలభై ఫొటోలు తీసింది, ఇంతలో రత్నాలత్త ఆమెను పలకరించనే పలకరించింది. "నువ్వేనా అమ్మా మా గుంటకి జూనమ్మ కత ఇచ్చినావు? నీ కడుపు సల్లగా ఉండ. ఆ పండు ఒళ్లో ఎట్టుకుని కూకుంది సూడు, నాకు ఏడుపాగలేదు."

"ఏ పండు?" అంది పావని.

"అదే, పెరట్లో సెట్టు పండు. మూడ్రోజులు మెతుకు నేదు. అయినా నోట ఎట్టలేదు. కాపలా ముసిలోడు వొచ్చి ఎందుకు తినవే అంటే, మా అమ్మ ముట్టకుండా నాను ముట్టను అన్నాది. అలాగ పండట్టుకుని కూకుంటే, పోయిన వారం మెట్ల మీద ఎవులివో అడుగుల సప్పుడు. ఎవులొచ్చారో ఈయాల సెప్పాల."

పావని ఫోను దించేసింది. ఆ కామిక్‌లో ప్రతి గీతా కంఠస్థం వచ్చిన మనిషి. తనకు తెలియని జూనా ఉందా? "తర్వాత?" అనబోయింది. అలవాటు ముందు మనిషెంత? నోరు జారనే జారింది.

"ఎనభై ఆరుతోనే ఆగిపోయింది కదత్తా. పండూ లేదు, పెరడూ లేదు. తలుపే తియ్యలేదు. రెండు నెలలైంది కొత్తదొచ్చి."

తోటలో చేతులన్నీ ఆగిపోయాయి.

నిర్మల ఎవరి మొహమూ చూడలేక కాఫీ ఆకుల కేసి చూస్తూ నిలబడింది. నాయనమ్మ రెండు చెట్ల అవతల ఉంది. ఆమె ఒక్కతే కొయ్యడం ఆపలేదు. బుట్టలో పళ్లు రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తెలుసు" అంది చిలకమ్మ.

నిర్మల తలెత్తింది. నాయనమ్మ కళ్లలో కోపం లేదు. ఎంత వెతికినా లేదు.

"ఆ పిల్ల పండు తినకుండా కూకున్న నాడే తెలిసింది. ఆకలితో సచ్చిపోతా, సేతిలో పండెట్టుకుని, పెద్దోలికి ఎట్టలేదని ముట్టదా? ఆ బొమ్మలేసే దేసంలో కొత్త సేత్తారేటే?"

పావనికి అర్థం కాలేదు. రత్నాలత్త చెప్పింది. చిక్కుడైనా, కందైనా, మామిడైనా, ఈ కొండల మీద కొత్త పంట చేతికొస్తే ఎవరూ నోట పెట్టరు. ఊరంతా కలిసి కొత్త పండగ చేసి, ముందు దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టాకే పిల్లలకైనా ఇచ్చేది. నిర్మలకి అది ఊపిరి తీసుకోవడం లాంటిది. జూనా చేత అదే చేయించింది, చేయించానని కూడా తెలియలేదు.

"మరి అందరికీ తెలుసా?" అంది నిర్మల.

"ఆ సాయంత్రమే అనుకున్నాం" అంది రత్నాలత్త, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "అడిగితే ఆపేత్తావని ఊరుకున్నాం. ఇంత కత మా గుంట కడుపులో ఉన్నాదా అనీసి, ఇంటికెళ్లి మీ మావతో కూడా సెప్పినాను."

నెల రోజులు! నెల రోజులుగా వాళ్లంతా తెలిసే ఊఁ కొట్టారు. నెల రోజులుగా, దొరికిపోతానేమోనని తాను వణుకుతుంటే, వాళ్లు దొరకనివ్వకుండా కాపలా కాశారు. నిర్మలకి కళ్ల నిండా నీళ్లొచ్చాయి. మబ్బుల మీద ఇల్లు మొదటిసారి చూసినప్పుడు ఒళ్లంతా పాకిన ఆ జలదరింపు మళ్లీ వచ్చింది. ఈసారి ఫోనులో బొమ్మను చూసి కాదు, ఈ మనుషుల్ని చూసి.

పావని అయితే నోరు తెరుచుకుని చూస్తోంది. "ఒసే, ఇది ఫ్యాన్ ఫిక్షనే! ఆ మూడు లింకులూ దీని ముందు దేనికీ పనికిరావు. నువ్వు... నా పక్కనే కూకుని... ఒక్క ముక్కైనా సెప్పలేదేటే నాకు?"

"నీకు సెప్తే ఊరందరికీ సెప్పినట్టే కదే" అంది నిర్మల. ఆడవాళ్లందరూ ఒక్కసారి నవ్వారు. పావని కూడా నవ్వింది, చేసేదేముంది.

చిలకమ్మ బుట్ట విప్పి కింద పెట్టింది. మనవరాలి దగ్గరికి వచ్చి, పళ్ల జిగురుతో అంటుకుపోతున్న చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది. "తప్పు తప్పే. కత ఎవుల్దో సెప్పినప్పుడు అబద్దమాడినావు. దిద్దుకో. ముందు ఆ బొమ్మలేసిన తల్లికి తీసి పెట్టు. తరవాత మాకు పెట్టు."

నిర్మల ముక్కు ఎగబీల్చుకుంది. ఏం చెప్పాలో తెలిసింది. అందరికీ వినబడేలా, గట్టు అవతలి వాళ్లకి కూడా వినబడేలా చెప్పింది. "ఇది మబ్బుల మీద ఇల్లు కత. జూనమ్మని పుట్టించింది నాను కాదు, బొమ్మలేసే ఒక అమ్మ. ఏడో తలుపు దాకా ఆయమ్మది. ఆయమ్మకి సెయ్యి నొప్పెట్టింది, బేగి నయమవ్వాలి. తలుపు అవతల నుంచి నాది."

పావని ఫోను సంచిలో పడేసి, మంచుకి తడిసిన నేల మీదే చతికిలబడింది. స్వెట్టర్ సంగతి, రీలు సంగతి మరిచిపోయింది. ఏ కథలోనైనా తర్వాత ఏం జరుగుతుందో అందరికన్నా ముందు చెప్పేసే మనిషికి, మెట్ల మీద వచ్చేది ఎవరో నిజంగా తెలియదు. ఆ మాటకొస్తే నిర్మలకీ ఇంకా తెలియదు.

"జూనమ్మ ఒళ్లో పండెట్టుకుని కూకుంది" అని మొదలుపెట్టింది నిర్మల. "మంచులో మెట్ల మీద అడుగుల సప్పుడు దగ్గరికొచ్చింది. ఒక్క మనిషివి కావు. సానా మందివి."

రత్నాలత్త ఊఁ కొట్టబోయి, పావని మొహం చూసి ఆగిపోయింది.

"ఊఁ" అంది పావని.