జవాబుతో సహా వేసిన ప్రశ్నలు

ప్రశ్న అడిగినందుకు సంఘం నా భార్య నోరు మూయించింది. ఇది నా అభిప్రాయం కాదు. కమిటీ మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా ఉంది. కింద ఐదు సంతకాలు ఉన్నాయి. నాలుగోది నాది.

ఆమె పదకొండేళ్ళు చర్చిలో సండే స్కూల్ టీచరు. పదకొండో ఏడు ఆమె క్లాసులో ఒక పాపకు జ్వరం వచ్చింది. పిల్లలందరూ వారం రోజులు మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. పాప పోయింది. ఆదివారం పిల్లలు అడుగుతారని ఆమెకు తెలుసు. ఏం చెప్పాలో కనుక్కుందామని శుక్రవారం కమిటీ ముందుకు వచ్చింది. రెండు రోజుల్లో జవాబు కావాలంది.

ఆమె అడిగింది ఇది. బాగైనవాళ్ళ గురించి దేవుడు మన ప్రార్థన విన్నాడంటాం. పోయినవాళ్ళ గురించి దేవుని చిత్తం అంటాం. ఆయన విన్నాడు, విని కూడా కాదన్నాడు అని పిల్లలకు చెప్పవచ్చా?

కమిటీ జవాబు చెప్పలేదు. ఆమెను వరండాలో కూర్చోబెట్టి తీర్మానం రాసింది. విశ్వాసం స్థిరపడేవరకు ఆమెకు టీచరు బాధ్యతల నుండి విశ్రాంతి ఇవ్వడమైనది. విశ్రాంతి అనే మాట పాస్టరుగారు వెతికి పెట్టారు. పుస్తకం నా ముందుకు వచ్చేసరికి మూడు సంతకాలు పడి ఉన్నాయి. పెన్ను మూత తీసి ఉంది. నేను పల్లెటూరి బడిలో ఐదు చదివిన వడ్రంగిని. బెంచీలు బాగుచేసేవాడు ఒకడు ఉంటే మేలని కమిటీలో వేసుకున్నారు. పెట్టాను.

 ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగింది.

"మీరూ పెట్టారా?"

"అందరూ పెట్టారు."

"నేను అందరి సంగతి అడగలేదు."

అన్నం వడ్డించింది. తిన్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె చర్చిలో చివరి బెంచీలో కూర్చుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. మా సంఘంలో విశ్వాసం స్థిరపడటమంటే అదే. ఐదో ఏడు కడుపులో గడ్డ అన్నారు. ఆమె పోయి మూడేళ్ళు.

ఇక ఈ ఏడాది సంగతి.

జనానికి దేవుడి మీద ఆసక్తి పెరిగిందని పై ఆఫీసు నుంచి మా పాస్టరుగారికి ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. ప్రతి పేజీలో ఒక గీత కింద మొదలై పైకి పోయింది. చదువుకున్న కుర్రవాళ్ళు మతం వద్దంటున్నారట కానీ ఆత్మ గురించి తెగ వెతుకుతున్నారట. వాళ్ళకు జవాబులు చెప్పవద్దు, ముందు ప్రశ్నలు అడగనివ్వండి అని రాశారు. పాస్టరుగారు అందులోంచి రెండు ఆదివారాలు చదివి వినిపించారు. మూడో వారం గేటుకు గుడ్డ కట్టించారు. మీ ప్రశ్నలతో రండి, ఇక్కడ ఏ ప్రశ్నా తప్పు కాదు అని దాని మీద ఉంది. కట్టింది నేనే. వంకర లేకుండా కట్టాను. పని పనే.

తర్వాత పెట్టె కావాలన్నారు. పైన సన్నని సందు, ముందు అద్దం. లోపల చీటీలు కనబడాలట, అప్పుడు మిగతావాళ్ళకూ అడగాలనిపిస్తుందట. మిగిలిన టేకు ముక్కలు చిత్రిక పట్టి, మేకు కొట్టకుండా అతికించి ఇచ్చాను. పాస్టరుగారు చుట్టూ తిరిగి చూసి తాళం ఏదన్నారు. ఏ ప్రశ్నా తప్పు కానప్పుడు తాళం దేనికన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

మొదటి గురువారం సాయంత్రం పన్నెండుమంది కొత్తవాళ్ళు వచ్చారు. మా లెక్కలో పన్నెండు అంటే జనం. ఒకాయన తాను దేన్నీ నమ్మనని, కానీ ఏదో ఉందని అన్నాడు. ఆ ఏదో ఉందన్న మాట చెప్పడానికి నలభై నిమిషాలు తీసుకున్నాడు. మా వాళ్ళెవరైనా అంతసేపు సాక్ష్యం చెబితే సెక్రటరీ దగ్గుతాడు. ఆయనకు మాత్రం రెండోసారి టీ పోశాడు. ఇంకొకావిడ ఫోన్లో ధ్యానం నేర్చుకుందట. ఫోను కింద పడి పగిలాక ఇటు వచ్చిందట. చీటీ మాత్రం ఒక్కరూ వేయలేదు. అద్దంలోంచి పెట్టె అడుగు చెక్క కనబడుతూ ఉంది.

దానికి పాస్టరుగారు ఒక ఉపాయం ఆలోచించారు. వచ్చే గురువారానికి కమిటీవాళ్ళు తలా ఒక ప్రశ్న రాసి వేయాలి. కొత్తవాళ్ళ బిడియం పోతుంది. ఇందులో అబద్ధం లేదని, ప్రశ్నలు ప్రశ్నలేనని నచ్చజెప్పారు. కమిటీ శ్రద్ధగా రాసింది. ప్రభువు ఇంత మంచివాడు ఎలా అయ్యాడని ట్రెజరర్ రాశాడు. సెక్రటరీ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, పొరపాటుకు తావివ్వడు. చీటీకి ఒకవైపు ప్రశ్న రాసి, పాస్టరుగారు తడబడకుండా వెనకవైపు జవాబు కూడా రాశాడు. మూడోవాడు ఆరాధన ఎన్ని గంటలకని రాశాడు. అది గేటు మీదే ఉంది.

నేను రాయలేదు. ఇంట్లో ఆమె సండే స్కూల్ నోటుపుస్తకం ఉంది. ఆ శుక్రవారం పేజీలో ఆ ప్రశ్న ఆమె చేతిరాతలో ఉంది. కమిటీ ముందు తడబడకూడదని ముందే రాసుకుంది. స్కేలు ఆనించి బ్లేడుతో ఆ ముక్క కోసి తీశాను. పదకొండేళ్ళు ఆమె రాసిన హాజరు పట్టీల మీద ప్రతి నెలా పాస్టరుగారు సంతకం పెట్టారు. ఆ రాత చూస్తే ఆయన గుర్తుపడతారనుకున్నాను. గుర్తుపట్టి ఆయన నోట మాట రాకుండా పోవాలి, అది నేను చూడాలి. నాకు కావలసింది అంతే.

గురువారం పాస్టరుగారు పెట్టె తెరిచి రెండు చీటీలు చదివారు. సెక్రటరీ చీటీ వచ్చినప్పుడు కంగారులో తిరగేసి జవాబే ముందు చదివారు. ఎవరూ తేడా పట్టలేదు. మూడోది ఆమెది. చదివారు. మళ్ళీ చదివారు. నేను ఆయన ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

ఆ ముఖం వెలిగిపోయింది.

ఇదీ ప్రశ్న అంటే అన్నారు. ఇన్నేళ్ళ సేవలో ఇంత నిజాయితీగల ప్రశ్న తాను వినలేదన్నారు. ఇది అడిగిన మనిషి లాంటివాళ్ళే ఈ సంఘానికి కావాలన్నారు. ట్రెజరర్ తల ఊపాడు. రెండో సంతకం అతనిదే. ఒక్కరికీ గుర్తు లేదు. నటన కాదు, నాకు నటన తెలుసు. నిజంగానే లేదు.

అన్యాయంగా చెప్పను. దానికి జవాబేమిటని ఏదో ఉందన్నాయన అడిగితే పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నారు. "నాకు తెలియదు" అన్నారు. "విన్నాడనే నమ్ముతాను. ఎందుకు కాదన్నాడో తెలియదు." ఎనిమిదేళ్ళ కింద ఆ శుక్రవారం నాడు ఆమెకు ఆ మాట చాలేది. పిల్లలకు ఆ మాటే చెప్పుకునేది.

అందరూ వెళ్ళాక బీరువాలోంచి మినిట్స్ పుస్తకం తీసి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. పక్కన ఆ చీటీ పెట్టాను. చదివారు. కూర్చున్నారు. 

"మేస్త్రీ, ఇందులో మీ సంతకం కూడా ఉంది."

"ఉంది కాబట్టే చూపిస్తున్నాను. ఆదివారం ఇది చదవండి అయ్యగారూ. ఐదు పేర్లూ చదవండి. నా పేరు గట్టిగా చదవండి."

కమిటీలో పెడతానన్నారు. పెట్టారు. ఫ్యాను రిపేరుకూ టీ గ్లాసులకూ మధ్యలో పెట్టారు. పాత తీర్మానం రద్దు చేయడమైనది అని ఒక వాక్యం రాశారు. చనిపోయిన మనిషి తిరిగి టీచరయింది. ఆదివారం చదవడం సంగతి అడిగాను. కొత్తవాళ్ళు వస్తున్న సమయంలో ఇంటి గొడవ బజారున పెట్టడం దేనికన్నాడు సెక్రటరీ. ఈసారి నేను సంతకం పెట్టలేదు. నలుగురితోనూ చెల్లుతుందని తేలింది. ఆ సంగతి నాకు ముందు తెలిస్తే బాగుండేది.

కొత్తవాళ్ళలో ఒక అమ్మాయి స్కానింగ్ సెంటర్లో పనిచేస్తుంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ ప్రశ్న విన్ననాటి నుంచి అది ఎవరు రాశారని అందర్నీ అడుగుతోందట. చివరికి విరిగిన బెంచీ కాలు మారుస్తుంటే నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఆ చీటీ మీరే వేశారుగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అది చదువుతుంటే అందరూ పాస్టరుగారి మాట విన్నారు. మీరు ఒక్కరే ఆయన మొహం చూశారు. నాది మొహాలు చూసే పని."

తన పని గురించి చెప్పింది. లోపల ఏముందో తెర మీద ముందు ఆమెకే కనబడుతుందట. చెప్పకూడదట, అది డాక్టరు చెప్పాలి. పడుకున్నవాళ్ళు ఆమె ముఖంలోకి చూస్తారట. అక్కడేమీ కనబడకుండా ఉంచుకోవడానికి ఏడేళ్ళు పట్టిందట. ఇప్పుడు ఇంటికెళ్ళినా ఆ ముఖం మారడం లేదట. అది మార్చుకోవడానికే ఇక్కడికి వచ్చానంది.

ఈ పిల్ల వేడుక చూడటానికి రాలేదని అర్థమైంది. ఉలి కింద పెట్టి చెప్పాను. తీర్మానం, సంతకం, చివరి బెంచీ, అన్నీ. ఇంకొకటి కూడా చెప్పాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది. ఆసుపత్రికి పాస్టరుగారు రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు, అది నిజం. మొదట్లో స్వస్థపరచు ప్రభువా అని ప్రార్థించేవారు. ఆఖరి వారంలో ఒకరోజు నీ చిత్తమే జరుగనీ అన్నారు. డాక్టరు మాకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన ప్రార్థన మారడంతోనే ఆమెకు తెలిసిపోయింది. కళ్ళు తెరిచి నావైపు చూసి నవ్వింది. తర్వాత ఆమేన్ అంది.

 ఆ అమ్మాయి ముఖం మారింది. బెంచీ అవతలి కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి దాన్ని లేపి నిలబెట్టాం.

పొరపాటు నాదే. తర్వాతి గురువారం ఆ అమ్మాయి లేచి ఆ నవ్వు సంగతి అందరి ముందూ చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. తీర్మానం మాట ఎత్తలేదు, నా సంతకం బయటపెట్టడం మర్యాద కాదనుకుందట. పన్నెండుమందీ కన్నీళ్ళు పెట్టుకున్నారు. పాస్టరుగారు ఎక్కువగా పెట్టుకున్నారు. ఆదివారం అదే ప్రసంగమైంది. ప్రశ్నించిన ఆత్మ చివరికి పరలోకపు తలుపు తెరుచుకోవడం చూసి ఆనందంతో నవ్వింది అన్నారు. ఆయన ప్రార్థన ముగిస్తుండగా నవ్విందన్నది మాత్రం సరిగ్గానే చెప్పారు. ఆయన దానికి సంతోషపడుతున్నట్టు కనిపించారు.

సోమవారం ఇంటికి వచ్చారు. ఆమె ఫొటో కావాలట. గేటు దగ్గర పెద్దది కట్టిస్తారట. పై ఆఫీసువాళ్ళు వచ్చే నెల కొత్తవాళ్ళ సభ పెడుతున్నారు, అక్కడ నేను సాక్ష్యం చెప్పాలట. ఐదు నిమిషాలు చాలట.

"మీ ఇంటావిడకు దక్కాల్సిన గౌరవం మేస్త్రీ. కాదనకండి."

"తీర్మానం చదవనిస్తారా?"

"అది రద్దయిపోయిందిగా. లేనిదాన్ని ఎలా చదువుతాం?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఫొటో ఇవ్వనన్నాను. సాక్ష్యం చెప్పనన్నాను. కమిటీలో ఉండనన్నాను. మీరు ప్రభువు మీద కోపం పెట్టుకుంటున్నారన్నారు. ఆయన మీద కాదన్నాను. టీ కూడా ఇవ్వకుండా పంపాను. నేను ఒప్పుకోకపోయినా గేటు దగ్గర ఆమె నవ్వు సంగతి కట్టారు, ఫొటో లేకుండా, పెద్ద అక్షరాలతో. ఈసారి ఎవరు కట్టారో తెలియదు, ఒక మూల జారి ఉంది. ఇప్పుడు గురువారాలు నలభైమంది వస్తున్నారని విన్నాను.

స్కానింగ్ అమ్మాయి ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. తప్పయిపోయింది అంకుల్ అంది. సరేనన్నాను. క్షమించానని అనలేదు. ఇక గురువారాలకు వెళ్ళడం లేదట, ఆదివారం చివరి బెంచీలో కూర్చుంటోందట. అది ఆమె ఇష్టం. వెళ్ళబోతూ అడిగింది.

"ఆవిడ నిజంగా ఎందుకు నవ్వారు?"

నాకు తెలుసు. ఆ నవ్వు ఆమె నావైపు చూసి నవ్వింది. పక్కన ఎంతమంది ఉన్నా అది నాకు వచ్చింది. ఒకసారి నోరు జారితే గేటు మీద అక్షరాలైంది.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళమ్మా" అన్నాను.

ఇది రాసింది కూడా ఇదొక్కసారే. ఆమె అడిగిన ప్రశ్న ఎవరైనా వాడుకోండి, అది అందరిదీ. నవ్వు సంగతి మాత్రం పాస్టరుగారు అడిగినా, పై ఆఫీసు అడిగినా, అవతల దేవుడే అడిగినా ఇక నేను మాట్లాడను.