తలకిందుల అద్దాలు

ఏడో అద్దాన్ని సంపూర్ణమ్మ ఎండకెత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. పడవ గోదావరి మధ్యకొచ్చింది. రాజమండ్రి రేవు వెనకబడింది, కొవ్వూరు గట్టు ఇంకా దగ్గర పడలేదు. కొత్తగా కడుతున్న రైలు వంతెన స్తంభాల మీదనుంచి సుత్తి దెబ్బలు నీళ్ళమీదుగా వినిపిస్తున్నాయి.

"చేప. ఈ పడవకన్నా పెద్దది. నెత్తిమీంచి నీళ్ళు చిమ్ముతోంది," అని గుసగుసగా చెప్పింది.

"పైకే చిమ్ముతోందా?"

"కిందికెలా చిమ్ముతుందయ్యా?"

చిట్టియ్య నవ్వలేదు. బెత్తెడు దారం ముక్కను తుమ్మజిగురులో ముంచి అందించాడు. ఆమె దాన్ని అద్దం పైమూలలో అంటించి ఆరబెట్టింది. పడవ ముందువైపు జ్ఞానప్రకాశం పంతులు వీళ్ళకు వీపు పెట్టి కూర్చుని, ఆ సాయంత్రం చెప్పవలసింది కాగితాల్లో చదువుకుంటున్నాడు. ఆ వీపు ఎక్కడ తిరుగుతుందోనని సంపూర్ణమ్మ అద్దానికో మారు చూస్తోంది.

చిట్టియ్య మిషనువారి బొమ్మల లాంతరు మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రేకుపెట్టెలాంటి లాంతరులో కిరసనాయిలు దీపం వెలిగించి, దాని ముందు బొమ్మ వేసిన గాజు అద్దం పెడితే, ఎదురుగా కట్టిన పంచె మీద మనిషెత్తు బొమ్మ పడుతుంది. రాణిగారి కొలువు, లండనులో సభ, సూర్యగ్రహణం, మంచులో ఎలుగుబంట్లు, చీనావాళ్ళ పెళ్ళి. లోకమంతా ఆ పెట్టెలోంచే గోదావరి నడుమ లంక ఊళ్ళకు వచ్చేది. పంతులు కర్ర పట్టుకుని ఒక్కొక్క బొమ్మనూ వివరించేవాడు. పంతులును ఊళ్ళన్నీ ఎరుగును. లాంతరు వెనక చీకట్లో కూర్చున్నవాణ్ణి ఎవరూ ఎరగరు. చిట్టియ్యకు దాని మీద బెంగ కూడా లేదు.

ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. అద్దాన్ని తలకిందులుగా పెడితేనే తెరమీద బొమ్మ నిటారుగా నిలబడుతుంది. రెండేళ్ళనుంచి చిట్టియ్య కళ్ళకు పొర కమ్మింది. మొదట అద్దాలమీది బొమ్మలు మాయమయ్యాయి, తరువాత తన చేతివేళ్ళు మాయమయ్యాయి. పాత అద్దాలు వేళ్ళకు తెలుసు గనక ఎలాగో నెట్టుకొచ్చాడు. బొమ్మ స్పష్టంగా పడిందో లేదో జనాన్ని బట్టి తెలుసుకునేవాడు. ముందున్న గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ పోతే, ఒకచోట జనమంతా "ఆ" అంటారు. అక్కడ ఆపేసేవాడు. ఈ రెండేళ్ళలో ఒక్క బొమ్మ మసకగా పడలేదని మిషను బంగళాలో వంటచేసే సంపూర్ణమ్మ దగ్గర గొప్పలు పోయేవాడు కూడా.

నిన్న సాయంత్రం చెన్నపట్నం నుంచి పన్నెండు కొత్త అద్దాలు దిగాయి. చుట్టూ నున్నటి నల్లకాగితం, ఏ గుర్తూ లేదు. కొత్తగా వచ్చిన దొర ఆట చూడడానికి తనే వస్తానన్నాడు. వేలెడు తప్పు కనబడినా ఊరుకునే మనిషి కాడని బంగళాలో అందరికీ తెలుసు. సంగతి బయటపడితే లాంతరు తీసుకుని, చిట్టియ్యను వంటింటి వసారాలో కూర్చోబెట్టి రెండు పూటలా అన్నం పెడతారు. ఆ అన్నమే అతని భయం. అందుకే కొవ్వూరులో చుట్టాలున్నారని చెప్పి సంపూర్ణమ్మ పడవెక్కింది.

పన్నెండో అద్దం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కొండ. కింద ఇంకో కొండ. అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి చెరువులో నీడ కాబోలు."

"మనిషున్నాడా? పడవ? పిట్టయినా?"

"ఏమీ లేదయ్యా. ఇటు పట్టుకున్నా అంతే, అటు పట్టుకున్నా అంతే."

పంతులు కాగితాలు మడుస్తున్న చప్పుడయింది. గట్టు దగ్గరికొచ్చేసింది. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని ఒక మూలన దారం అంటించేసింది.

పొద్దు వాలేసరికి పల్లెకారుల పేటలోని ప్రార్థన పాక నిండిపోయింది. కిటికీలకు చాపలు కట్టారు. చిట్టియ్య ఎప్పటిలాగే లాంతరు పక్కన చెంబునిండా మంచినీళ్ళు పెట్టాడు. పంతులుకు దాహం ఎక్కువ. రెండు బొమ్మలకోమారు కర్ర పక్కన పెట్టి, లాంతరు దగ్గరకొచ్చి గుక్కెడు తాగి వెళ్ళడం అతని అలవాటు. కాని ఇవాళ ఆ చెంబు పక్కనే దొరకు కుర్చీ వేశారు. మొదటిసారి పంతులు నీళ్ళకోసం రాగానే, పాఠం మధ్యలో ఆపకూడదని దొర చెప్పాడు. పంతులు తాగకుండానే తిరిగి వెళ్ళాడు.

కొత్త అద్దాల్లోనూ రాణిగారు నిటారుగానే కూర్చుంది. లండను సభలో అందరూ కాళ్ళమీదే నిలబడ్డారు. గ్రహణం దగ్గర మాత్రం జనం నోరు మెదపలేదు. చిట్టియ్య గొట్టం తిప్పాడు. "ఆ" రాలేదు. ఇంకాస్త తిప్పాడు. దొర కుర్చీ కిర్రుమంది. ఎంతో సేపటికి ఎవరో ఆడమనిషి "సూర్యుడు" అంది. చిట్టియ్య అక్కడే ఆపేశాడు. చేప బొమ్మకు ముసలి పల్లంరాజు లేచి, అంత చేప ఉంటే దాన్ని ఏ వలా ఆపదనీ, పంతులుగారు కళ్ళారా చూశారా అనీ అడిగాడు. చూడలేదు, పుస్తకంలో ఉందని చెబుతున్నానన్నాడు పంతులు. అతను అంతే. చూడనిది చూశానని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

పన్నెండో అద్దం దారాన్ని వేలితో తడిమి లోపల పెట్టాడు చిట్టియ్య. జనం "ఆ" అన్నారు. కాని పంతులు గొంతు రాలేదు. ఆ మౌనంలో చిట్టియ్యకు అంతా అర్థమైపోయింది. దొర కుర్చీలోంచి లేవబోయాడు.

"పట్టిసీమ దగ్గర నది నిలకడగా ఉన్నప్పుడు మీరు చూసే ఉంటారు," అన్నాడు పంతులు గబగబా. "ఏది కొండో ఏది నీడో, సన్నటి నీటి గీతలు ఎటున్నాయో చూస్తే గాని తెలియదు. మీకది తెలియాలనే ముందు తలకిందులుగా చూపించాం. చిట్టియ్యా, ఇప్పుడు తిప్పు."

చిట్టియ్య తిప్పాడు. పాక దద్దరిల్లింది. పిల్లలు మళ్ళీ తిప్పమని గోల చేశారు. దొర కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. ఈ తిప్పడం ఎవరి ఆలోచన అని పంతులును అడిగాడు.

పంతులు ఊపిరి పీల్చుకోవడం చిట్టియ్యకు వినిపించింది. ఇంకో అబద్ధం చెప్పబోతున్న మనిషి ఊపిరి అది. చిట్టియ్య దాన్ని భరించలేకపోయాడు.

"ఆలోచన కాదండి దొరగారండి," అన్నాడు. "తప్పు పెట్టానండి. నాకు కళ్ళు కనపడవండి."

దొర కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. చాలా ఏళ్ళు పనిచేశావు, ఇక విశ్రాంతి తీసుకో అని మెల్లగా చెప్పి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

జనం వెళ్ళాక చిట్టియ్య అద్దాలను ఒక్కొక్కటిగా తుడిచి గళ్ళపెట్టెలో సర్దాడు. సంపూర్ణమ్మ గోడకానుకుని ఏడుస్తోంది. పంతులు వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"మీకెప్పుడు తెలిసిందండి?" అని అడిగాడు చిట్టియ్య.

"రెండేళ్ళయింది."

"మరి ఒక్క బొమ్మా మసకగా పడలేదు కదండి."

"నాకెప్పుడూ అంత దాహం లేదు చిట్టియ్యా," అన్నాడు పంతులు.

చిట్టియ్య చెయ్యి గొట్టం మీద ఆగిపోయింది. గుక్కెడు నీళ్ళకని వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో అప్పుడు తెలిసింది. సిగ్గువేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఆ చేతిని పట్టుకోవాలనిపించింది. వెతికి పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా లాంతరు వీరాస్వామి అనే కుర్రాడికి అప్పగించారు. చిట్టియ్య అతనికి పనంతా నేర్పాడు. దీపం ఎంత ఎత్తాలో, వేడి గాజును ఎలా ముట్టుకోవాలో చెప్పాడు. అన్నీ అయ్యాక, "పంతులుగారికి దాహం ఎక్కువ. చెంబు మరిచిపోకు," అన్నాడు.

ఆ ఏడు వానలు పడ్డ తొలి వారంలో, నాలుగు రోజుల జ్వరంతో చిట్టియ్య పోయాడు. మట్టి చేసిన మూడోనాడు కొవ్వూరు అవతల మళ్ళీ ఆట వేశారు. వీరాస్వామివి మంచి కళ్ళు. పన్నెండు బొమ్మలూ నిటారుగా, స్పష్టంగా పడ్డాయి. పంతులు ఒక్కసారీ తెర దగ్గరనుంచి కదలలేదు. లాంతరు పక్కన చెంబులో నీళ్ళు అంచుదాకా అలాగే ఉన్నాయి.