మార్కరు చెయ్యి

ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కిందో చూసుకోవడానికి భీమయ్య దాన్ని ముందు పాత పేపరు మీద ఒకసారి ఒత్తాడు. పేపరు రంగు మారలేదు. అప్పుడు బల్ల మీది ఆకుపచ్చ గుడ్డకు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఊపున లాగాడు. వెనక్కి మాత్రం లాగకూడదు. లాగితే గుడ్డ నూగు అడ్డం తిరుగుతుంది, మెల్లగా కొట్టిన బంతి పక్కకు జారుతుంది. ఆ సంగతి బంతికి తెలుసు, భీమయ్యకు తెలుసు. ఆడేవాళ్ళు మాత్రం పాపం తమ కర్రను తిట్టుకుంటారు.

క్లేటన్ స్టేషనుకు దగ్గర్లోనే, నూడుల్స్ హోటలు పై అంతస్తులో ఉంది ఆ హాలు. పన్నెండు బల్లలు. యజమాని షెన్. భీమయ్య పదమూడేళ్ళుగా అక్కడే పని. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్ళు సికింద్రాబాదులో ఒక పాత క్లబ్బులో మార్కరు. బిలియర్డ్స్ గదిలో పెద్దమనుషులు ఆడుతుంటే గోడకానుకుని నిలబడి స్కోరు చెప్పేవాడు, పడిన బంతులు తీసి మళ్ళీ పెట్టేవాడు మార్కరంటే. ఎవరు గెలిచినా నవ్వకూడదు, ఎవరు ఓడినా అయ్యో అనకూడదు. వంగి వంగి అరవై రెండేళ్ళకే మెడ ముందుకొచ్చింది గానీ ఆ ముఖం మాత్రం ఈనాటికీ గోడలాగే ఉంటుంది. భార్య ఆండాళ్‌కు ఈ పరాయి దేశంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం వచ్చింది, ఆమెతో తనూ వచ్చాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని విమానమెక్కినోణ్ణి అని ఎవరూ అనకముందే తనే చెప్పుకుని నవ్వుతాడు.

షెన్ హాలులో ఆడేది చైనా ఎయిట్‌బాల్. బల్లా, దాని ఇరుకు జేబులూ స్నూకరువి. లావుపాటి బంతులేమో పూల్‌వి. ఏడు నిండు రంగువి, ఏడు చారలవి, ఎనిమిదో నంబరుది నల్లది. నీ ఏడూ వేసుకున్నాకే నల్లది వేయాలి. ముందే పడిందా, ఆట పోయినట్టే. స్నూకరులో అలా కాదు. ఎర్ర బంతులు అయిపోయేదాకా నల్లది ఎన్నిసార్లు పడినా మార్కరు దాన్ని జేబులోంచి తీసి, గుడ్డ మీద దానికోసం పెట్టిన మచ్చ మీద మళ్ళీ పెడతాడు. ఇక్కడ నల్లదానికి ఒకటే చావు. గింత కర్కశమేందని మొదట్లో ఆండాళ్ దగ్గర సణిగాడు. తర్వాత ఆ నిబంధనల పుస్తకాన్నే వరసపెట్టి బట్టీపట్టి, ఊళ్ళో రిఫరీలందరికీ పెద్ద రిఫరీ అయి కూచున్నాడు. నలభై ఒక్కేళ్ళలో ఒక్క తప్పు తీర్పు లేదు. మనిషికి ఆస్తి అంటూ ఉంటే అదే.

ఈ ఆదివారం ఫైనలు. గెలిచినవాళ్ళు వచ్చే నెల చైనాలో జరిగే పెద్ద పోటీకి పోతారు. ఒకరు బాక్స్ హిల్ పేట నుంచి వచ్చిన గావ్, నెమ్మదస్తుడు. రెండోది లాస్య.

ఈ అమ్మాయి సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కింద యూనివర్సిటీ క్లాసులు అయిపోగానే రోజూ వచ్చి మూల బల్ల దగ్గర ఒంటరిగా బంతులు తోసుకునేది. భీమయ్య చూడలేక, ఎడమ మోచెయ్యి ఎక్కడుండాలో చూపించాడు. ఆ చూపించడం రెండేళ్ళు సాగింది. ఆమె పోటీల్లో దిగిన నాటి నుంచి నేర్పడం మానేశాడు. రిఫరీకి చుట్టాలుండరన్నాడు. పోటీ రోజున ఆమె మంచినీళ్ళిచ్చినా పుచ్చుకోడు. లాస్యకు మొదట కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది. వరసగా మూడేళ్ళు సెమీస్‌లోనే ఓడింది. ఈసారి పోతే మళ్ళీ ఆడనని ఇంట్లో చెప్పేసింది. ఆ సంగతి భీమయ్య చెవిన కూడా పడింది.

పన్నెండు గంటలకు టిఫిను సంచిలోంచి తెల్ల చేతితొడుగులు తీసి వేసుకున్నాడు. ప్రతి పోటీ తర్వాత వాటిని ఇంటికి తీసుకుపోవడం, ఆండాళ్ నీలిమందు పెట్టి ఉతికి, వేలు వేలుకూ ఇస్త్రీ చేయడం ఆ ఇంట్లో ఆనవాయితీ. ఇన్నేళ్ళొచ్చినా నీకు చేతులు కడిగే బాధ నాకేనా అంటుంది. అంటూనే చేస్తుంది.

ముందుగా తొమ్మిది ఆటలు గెలిచినవాళ్ళదే ఫైనలు. మూడు గంటలు గడిచేసరికి ఎనిమిదీ ఎనిమిదీ అయ్యాయి. ఆఖరి ఆటలో లాస్యవి చారల బంతులు. ఆరు చకచకా వేసింది. ఏడోది మూల జేబు దగ్గర ఉంది, నల్లది దానికి కాస్త ఎడంగా ఉంది. ఆ రెండే వేస్తే చైనా. చూస్తున్న నలభైమందీ ముందుకు వంగారు. భీమయ్య గోడ ముఖంతో నిలబడ్డాడు గానీ కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి.

లాస్య మెల్లగా కొట్టింది. చారల బంతి జేబు అంచును తాకి అక్కడే ఆగిపోయింది. తెల్ల బంతి తిరిగొచ్చి నల్లదాన్ని ముట్టుకుంది. ముట్టుకుందంతే. నల్లది పోదామా వద్దా అన్నట్టు దొర్లి దొర్లి మధ్య జేబులో పడింది.

ఎవరూ కదల్లేదు. భీమయ్య చెయ్యి కదిలింది. జేబులో దూరి, నల్ల బంతిని తీసి, మచ్చ వెతుక్కుని, దాని మీద పెట్టేసింది.

గావ్ కుర్చీలోంచి సగం లేచాడు. ఇంత పెద్ద రిఫరీ పెట్టాడంటే తనకు తెలియని నిబంధన ఏదో ఉండి ఉంటుందనుకుని మళ్ళీ కూర్చున్నాడు. లాస్య బల్ల వైపు ఒక అడుగు వేసింది. ఆమె కళ్ళలో వెలుగు చూశాక గానీ భీమయ్యకు తెలివి రాలేదు. ఆ అడుగు దగ్గరే ఆమెను ఆగిపొమ్మనాలి, అది తనే అనాలి. అంతకంటే కష్టమైన పని ఆయన జీవితంలో చేయలేదు.

బంతిని మచ్చ మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“గేమ్, మిస్టర్ గావ్. మై మిస్టేక్.”

చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి. లాస్య గావ్‌తో చెయ్యి కలిపింది, ఏడవలేదు. అందరూ కిందికి దిగాక వెనక్కి వచ్చింది. భీమయ్య బంతులు తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు.

“అంకుల్, జస్ట్ టెల్ మీ. అది హ్యాబిటా? నాకోసం చేశారా?”

భీమయ్య తుడిచిన బంతినే మళ్ళీ తుడిచాడు.

“తెల్వది బిడ్డా. అలవాటే అనుకుంటున్న. కానీ ఇంతమంది ఆటలాడితే ఒక్కనాడు గూడ చెయ్యి అట్ల పోలే. నీ ఆటలనే పోయింది.”

“సో వాట్? మీరు వెంటనే కరెక్ట్ చేశారు కదా.”

“గెలవాలనే అనుకున్న నేను. నువ్వే గెలవాలని. రిఫరీ అట్ల అనుకోవద్దు.” బంతిని పెట్టెలో పెట్టాడు. “ఆట మానెయ్యకు. మోచెయ్యి మళ్ళ బయటికి పోతున్నది. రేపటి సంది నేర్పుత.”

అప్పుడేడ్చింది లాస్య, అంతసేపూ ఆపుకున్నదంతా. భీమయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు, గోడ ముఖం గీడ ముఖం అన్నీ మర్చిపోయి.

షెన్ నచ్చజెప్పబోయాడు. ఎవరికీ నష్టం జరగలేదన్నాడు, వచ్చే నెల ఈ హాలులోనే ఇంకో పోటీ ఉందన్నాడు. బల్లలు ఇస్త్రీ చేస్తాను, గుడ్డలు మారుస్తాను, తీర్పు మాత్రం ఇక చెప్పనని భీమయ్య తల అడ్డంగా ఊపాడు. గుడ్డను ఒకే వైపుకి బ్రష్ చేసి, టిఫిను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఇంటికెళ్తే ఆండాళ్ తొడుగుల కోసం చెయ్యి చాస్తుంది. ఏం చెప్పాలో బస్సులో ఆలోచించుకోవచ్చు.

చివర్న బయల్దేరిన లాస్య దీపాలు ఆర్పబోతూ బల్ల వైపు చూసింది. నల్ల బంతి మచ్చకు కాస్త పక్కన, ఉతకని తెల్ల తొడుగులు రెండూ మడిచి ఉన్నాయి. కుడిచేతి దాని వేళ్ళకు, కర్ర మొనకు రాసే నీలి సుద్ద అంటుకుని ఉంది.