గోరింక కేక

పిండిమర రేకుల కప్పు కింద గోరింకలు కాపురం పెట్టి చాలా కాలమైంది. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు కాబట్టి మర నడిపేది ఆ ఇంటి కోడలే. మరమ్మతులు మరిదివి. పొద్దువాలితే గుంపంతా దూలాల మీద చేరి ఒకటే గోల. పిండిలో ఈక వచ్చిందని ఒకావిడ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించి వెళ్లాక మరిదికి పంతం పట్టింది. ఓ స్పీకరు పెట్టె కొనుక్కొచ్చి వాకిలి పైన బిగించాడు.

"గద్దకి చిక్కిన గోరింక అరుపంట వదినా. ఒక్కటి మిగిలితే అడుగు."

మీట నొక్కగానే చెవులు చిల్లులు పడే కేక. గుంపు ఒక్కసారిగా లేచిపోయింది. మరిది మీసం దువ్వుకున్నాడు.

కోడలికే కాలు నిలవలేదు. ఆ కేక ఆగి ఆగి వస్తోంది. వస్తే ఉలికిపాటు, రాకపోతే ఇప్పుడొస్తుందేమోనన్న ఎదురుచూపు. గోధుమలు పోయాల్సిన చోట జొన్నలు పోసింది. భోజనానికి కూర్చుని మధ్యలో లేచింది.

"ఏమిటే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది అత్తగారు.

"ఏదో చస్తుంటే చూస్తూ కూర్చున్నట్టుంది అత్తయ్యా."

"అది ఉత్త పెట్టేగా!"

"నాకు తెలుసు. నా చెవికే తెలీట్లేదు."

మర్నాడు గోరింకలు తిరిగొచ్చాయి. కేక వినబడినప్పుడల్లా పెట్టె చుట్టూ మూగి గొంతు చించుకుంటున్నాయి. ఆ గోల విని పక్క వీధి గోరింకలూ, వాటి వెనక కాకులూ వచ్చాయి. ఒకటైతే పెట్టె మూతిలో ముక్కు దూర్చి వెతికింది.

"ఇవి భయపడట్లేదయ్యా. లోపలున్నదాన్ని విడిపించడానికొచ్చాయి," అందామె.

"పిట్టలకంత బుర్రెక్కడిది?" అంటూ మరిది శబ్దం పెంచాడు.

గుంపు వాకిట్లోంచి లోపలికి దూసుకొచ్చింది. పిండికోసం వచ్చినవాళ్లు సంచులు నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. ఆమె మర ఆపింది. బెల్టు చప్పుడు అణగగానే పెట్టె కేకతో పాటు మరో కేక వినబడింది. అది ఊపిరందక మధ్యలో తెగిపోతోంది.

"పెట్టె ఆపు! ఆపమంటుంటే!"

మరిది తీగ పీకేశాడు. రెండో కేక ఆగలేదు. పెట్టె మూతి జాలీలో ఓ గోరింక కాలు ఇరుక్కుంది.

ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కింది. పిట్టలు మీద పడి పొడిచాయి. కొంగు తలకు చుట్టుకుంది.

"దిగు వదినా, కళ్లు పోతాయి!"

"నువ్వు నిచ్చెన వదలకు చాలు."

జాలీ తీగను వంచి కాలు తప్పించింది. గోరింక ఆమె వేలు రక్తం వచ్చేలా పొడిచి, తటాలున ఎగిరింది. ఎగురుతూ పొట్టిగా ఓ కూత పెట్టింది. గుంపంతా బదులు పలికి దాని వెంటే వెళ్లిపోయింది.

మరిది పెట్టెను దుకాణంలో తిరిగిచ్చేశాడు.

"పనిచెయ్యలేదా?" అన్నాడు దుకాణదారు.

"చేసింది. పిలిస్తే అన్నీ వచ్చాయి."

కప్పు సందులకు వల కొట్టబోతే ఆమె ఆపింది. లోపల గూడు గానీ, పిల్లలు గానీ లేవని దూలం దూలం తడిమి చూశాకే కొట్టనిచ్చింది. గోరింకలు బడి ఆవరణలోని చెట్టుకు మారాయి.

ఆమె మాత్రం అప్పట్నుంచీ పనిమధ్యలో మర ఆపి చెవి ఒగ్గుతూనే ఉంది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. ఉండు, వినబడనీ."