చౌడప్ప చీరల కర్సర్

ముప్పై ఏళ్లు గుంత మగ్గంలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేసిన చౌడప్ప ఇంట్లో ఆయన నేసిన చీర ఒక్కటీ లేదు. అన్నీ ఎవరెవరి పెళ్లిళ్లకో పోయాయి. ఆయన పోయి మూడేళ్లయింది. ధర్మవరంలో భార్య మంజులతకు మిగిలిన కోరిక ఒకటే, ఆ చీరల్ని ఫోటోలోనైనా ఒకసారి చూడాలని.

కూతురు యమున హిందూపురంలో ప్రోగ్రామరు. నేతగాళ్ల సంఘం పాత డేటాబేసుకు జావాలో కొత్త ప్రోగ్రాం రాసే పని ఆమెకే వచ్చింది. సంఘం వాళ్లు ప్రతి చీరకూ ఫోటో తీసి, వివరాలు రాయించుకునేవాళ్లు. నేతగాడి పేరు చెబితే డేటాబేసులోని ఫంక్షన్ చీరల జాబితా చేతిలో పెట్టదు, కర్సర్ అనే కొస ఒకటి ఇస్తుంది. దాన్ని పట్టుకుని ఒక్కో చీరా తెచ్చుకోవాలి. యమున నాయన పేరే ఇచ్చింది. ఫంక్షన్ పలికింది. తీరా చదవబోతే అలాంటి కర్సరే లేదంటుంది! రెండు రోజులుగా ఇదే వరస. మనిషి పోయింది చాలక ఆయన పని కూడా పోయిందా అని ఆమెకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం తల్లి రైల్లోంచి ఫోన్ చేసింది. ఆగలేక బయలుదేరిందట, పెనుకొండ దాటిందట.

“కనపడినాయా పాపా?”

“లేదమ్మా. పిలిస్తే పలుకుతాది, చదివేలోపే తెగిపోతాండాది.”

“ముందే కోసేస్తాండావేమో. మీ నాయన చీర కోసినా పాత పడుగు నిలువు పోగుల కొసలు మగ్గానికే ఇడిసిపెట్టేవాడు. కొత్త పోగులన్నీ వాటికి అతికినాకే కదలనిచ్చేవాడు.”

యమున నవ్వబోయి ఆగిపోయింది. ఆటో కమిట్! ఫంక్షన్‌ను పిలవగానే పని అయిపోయిందనుకుని జావా దానంతటదే ముగించేస్తోంది, దాంతోపాటే కర్సరూ మూతపడుతోంది. ప్రోగ్రాంలో ఒక్క లైను కోసం రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నందుకు తనను తానే తిట్టుకుంది. ఆటో కమిట్ ఆపి, చదవడం అయ్యాకే ముగించమని రాసి మళ్లీ నడిపింది.

చీరలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆమె తల్లికి చదివి వినిపించింది.

“నెమలికంఠం రంగు, మామిడిపిందెల అంచు. నేసినది చౌడప్ప. పడుగు అతికినది మంజులత.”

“ఏమన్నావు?”

“నీ పేరేనమ్మా. ప్రతి చీర కిందా రాయించినాడు.”



“నాతో ఒక్క మాటన్నా అనకపోయెనే,” అంది మంజులత. “నేను వస్తాండా. మళ్లీ మొదట్నుంచి పెట్టు పాపా, నా కండ్లతో చూడాల.”

అప్పటికి చివరి చీర కూడా అయిపోయింది. ఆ కర్సర్ ముందుకే పోతుంది, వెనక్కి రాదు. యమున కళ్లు తుడుచుకుని, నాయన పేరుతో ఫంక్షన్‌ను మళ్లీ పిలిచింది.